మా ఊరి వ్యాయామశాల పుట్టింది ఎప్పుడు? కమిటీ వాళ్లు 1965 అంటున్నారు, నాకు నమ్మకం కుదరట్లేదు

నెల్లిమర్లోడు
విషయం చిన్నదే కానీ రెండు వారాలుగా బుర్ర తినేస్తోంది. మాది నెల్లిమర్ల దగ్గర ఓ పల్లె. పేరు రాయను, రాస్తే మా ప్రెసిడెంటు గారి ఫోన్ వస్తుంది. ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్ వ్యాయామశాల ఉంది. కూలోళ్ల పిల్లలు, మిల్లు లాకౌటైతే రోడ్డున పడ్డ ఇళ్ల పిల్లలు, బడి మానేసి గేదెలు కాసుకునే గుంటలు, వీళ్ల కోసమే పెట్టారు. ఇప్పుడు కమిటీ వాళ్లు "అరవై ఏళ్ల పండగ" చేసి సావనీర్ వేస్తామంటున్నారు. చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. కారణం, ఊళ్లో తెలుగు టైపు కొట్టడం వచ్చింది నాకొక్కడికే.

చిక్కేంటంటే, 1965 అనడానికి వాళ్ల దగ్గరున్నది ఒకే ఒక్క కాగితం. లామినేషన్ చేయించి గోడకి కొట్టారు. తేదీ దగ్గర సిరా చెదిరి '65' లా కనిపిస్తోంది. కింద రబ్బరు ముద్ర మాత్రం బాగానే ఉంది: "విజయనగరం జిల్లా". ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో తెలియట్లేదు. పాతవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

కోటజంక్షన్
తేడా ముద్రలోనే ఉంది. విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. అంతకు ముందు మీ నెల్లిమర్లా మా విజయనగరమూ విశాఖ జిల్లాలో ఉండేవి. 1965లో ఆ ముద్ర వేసిన గుమాస్తా ఎవరో గానీ జాతకాలు చూడ్డం వచ్చినోడు.

బెజవాడబాబు
గుమాస్తా కాదండీ, బ్రహ్మంగారు.

నెల్లిమర్లోడు
అంత సింపులా! ఇప్పుడే మళ్లీ వెళ్లి ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ముద్రలో ముందు ఇంకో మాట కూడా ఉంది. "నెల్లిమర్ల మండలం, విజయనగరం జిల్లా."

కోటజంక్షన్
మండలం అనుందా? అయితే ఇంకా ఇటు జరగాలి. మండలాలు వచ్చింది 1985లో, ఎన్టీఆర్ హయాంలో. అప్పటిదాకా తాలూకాలు, ఫిర్కాలే. మీ '65 నిజానికి '85 అయ్యుంటుంది. 8లో పైన కుడిపక్క కాస్త చెరిగితే అచ్చం 6 లాగే ఉంటుంది.

చంపావతి ఒడ్డు
అరవై ఏళ్ల పండగ ఐదు నిమిషాల్లో నలభైకి దిగిపోయింది. షామియానా వాడికి అడ్వాన్సు ఇచ్చేశారా?

నెల్లిమర్లోడు
ఇచ్చేశారు. బ్యానర్లు కూడా కొట్టించేశారు. ఏడవనా నవ్వనా.

రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు
కోటజంక్షన్ గారి లెక్క కరెక్టే కానీ, తొందరపడుతున్నారు. అది రిజిస్ట్రేషన్ కాగితం. బారసాల చేసిన రోజునే పిల్లాడు పుట్టాడంటామా?

నేను ఆ పక్క ఊరి బడిలో చేరింది 1976లో. అప్పటికే మిల్లు లైన్ల వెనక ఖాళీ జాగాలో సాయంత్రం పూట పది పదిహేను మంది కుర్రాళ్లు బరువులెత్తేవాళ్లు. క్లబ్బూ లేదు, బోర్డూ లేదు. నేర్పేది మిల్లులో పని చేసే ఓ పెద్దాయన. పేరు ఇక్కడ రాయను, వాళ్ల పిల్లలకి ఇష్టమో కాదో. ఊరంతా మేస్త్రి అనేది.

బార్ ఏమిటనుకున్నారు? విరిగిపోయిన ఎడ్లబండి ఇరుసు. ప్లేట్లు మేస్త్రే పోతపోశాడు. డాల్డా డబ్బా అడుగున ఇరుసు పట్టేంత బొంగు ముక్క నిలబెట్టి, చుట్టూ సిమెంటూ గులకరాళ్లూ పోసి, తడి గోనె కప్పి పది రోజులు నీళ్లు చల్లేవాడు. ఆరాక డబ్బా రేకు చీల్చి తీస్తే చక్రం వచ్చేది. రేషన్ షాపు కాటా మీద తూచితే ఒకటి 12 కేజీలు, రెండోది 12 కేజీల 300 గ్రాములు. మళ్లీ పోయడానికి సిమెంటు లేదు. బరువున్న దానికి ఎర్రరంగు పూశాడు. ఇవాళ ఎరుపు కుడిపక్క పెట్టుకుని ఎత్తినవాడు రేపు ఎడమపక్క పెట్టుకోవాలి. లేకపోతే నడుం ఓ పక్కకి పెరుగుతుందని ఆయన భయం. నేను మద్రాసు సైదాపేటలో డ్రిల్లు మాస్టారుగా ట్రైనింగై వచ్చినవాణ్ణి, అలా ఏమీ జరగదని చెప్పాను. "మీరు పుస్తకంలో చూశారు, నేను బండెద్దులో చూశాను మాస్టారూ" అన్నాడు. ఇక మాట్లాడలేదు.

బెజవాడబాబు
బండెద్దులో చూశాను! మాస్టారూ, మీరే ఓ పుస్తకం రాయొచ్చు కదా.

సంగిడిరాయి
బార్ దగ్గర మొదలెట్టారు గానీ, మాస్టారు అసలు కథ వదిలేశారు. బార్ రాకముందు సంగిడి. మా వైపు సంక్రాంతికి సంగిడి పోటీ లేని ఊరుండేది కాదు. మేస్త్రి ఎవరో నాకు తెలుసు, మా నాన్నకి ఈడు. పెద్దవీధి తాలింఖానాలో, అంటే పాతకాలం కసరత్తు శాలలో, సంగిడీలుండేవి. కూలోళ్ల కుర్రాళ్లు గోడ మీంచి చూడొచ్చు, ముట్టుకోకూడదు. ఓ పండక్కి మావాళ్ల కుర్రాడొకడు అందరూ భోజనాలకి లేచాక చీకట్లో దూరి పెద్ద రాయి ఎత్తేశాడు. తెల్లారి రాయి కడిగించారు. ఆ కడిగిన నీళ్లు కాలవలో పడటం చూసి మేస్త్రి బండి ఇరుసు వెతుక్కుంటూ వెళ్లాడని మా నాన్న చెప్పేవాడు.

బెజవాడబాబు
సంగిడి అంటే?

సంగిడిరాయి
చేతికి పట్టు దొరికేలా తొలిచిన రాయండీ. ఒంటిచేత్తో ఊపి ఊపి నెత్తి మీదకి లేపాలి. రెండు చేతులకీ రెండు పట్టుకుని లేపేవాళ్లూ ఉంటారు. బార్‌ని ఒక్క ఊపులో నెత్తి మీదకి లేపే మీ స్నాచ్‌కి ముత్తాత అనుకోండి.

చంపావతి ఒడ్డు
సంగిడిరాయి గారూ, ఇందులోకి కులం తేకండి. మాదీ ఆ చుట్టుపక్కలే. మా తాలింఖానాలో అందరూ కలిసే చేసేవాళ్లు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండక్కి, దాని ముందురోజు తొలేళ్లకి అందరూ కలిసే కర్రసాము తిప్పేవాళ్లు. రాయి కడిగించారనేది కట్టుకథ.

సంగిడిరాయి
మీరు గోడకి ఏ పక్క ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు
ఇద్దరూ ఆగండి. రాయి కడగడం నేను చూడలేదు, నేను రాకముందు సంగతి. నేను చూసింది చెబుతాను. 1976లో మేస్త్రి దగ్గరున్న కుర్రాళ్లలో పెద్దవీధి నుంచి ఒక్కడూ లేడు. నాలుగైదేళ్లకి ఇద్దరు వచ్చారు. ఒకడు నా శిష్యుడే, ఇంట్లో చెప్పకుండా వచ్చేవాడు. ఇద్దరినీ మేస్త్రి కాదనలేదు. చంపావతి గారు చెప్పే కలివిడి తర్వాతిది, అదీ నిజమే. సావనీర్లో రెండూ రాయొచ్చు.

నెల్లిమర్లోడు
రెండోదే రాయమంటారు మాస్టారూ, నాకు తెలుసు.

ఇంకో తలనొప్పి. కమిటీలో ఒకాయన "మన వ్యాయామశాలకి పునాది వేసింది కోడి రామ్మూర్తి నాయుడు గారు" అని రాయమంటున్నారు. ఇంకొకాయన కరణం మల్లీశ్వరి ఇక్కడే ప్రాక్టీసు చేసిందంటున్నారు. ఇద్దరూ వార్డు మెంబర్లే.

కోటజంక్షన్
రామ్మూర్తి గారు పోయింది 1942 జనవరిలో, ఒడిశాలో. పునాది వేసి ఉంటే స్వర్గం నుంచి వేసుండాలి. ఆయన విజయనగరంలో కసరత్తు నేర్చుకున్నారు, బడిలో వ్యాయామం నేర్పారు, తర్వాత సర్కస్ పెట్టి దేశాలు తిరిగారు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. ఆయన్ని చూసి ఊరూరా తాలింఖానాలు లేచాయంటే ఒప్పుకుంటాను. "స్ఫూర్తి" అని ఒక్క మాట రాసి ఊరుకోండి.

పాలకొండ గాలి
ఆయన పుట్టింది వీరఘట్టం, మా పక్క మండలం. చిన్నప్పుడు "శ్రీకాకుళం జిల్లా ముద్దుబిడ్డ" అని చదువుకున్నాం. 2022లో వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. స్టేడియమేమో శ్రీకాకుళంలో ఉండిపోయింది. ఇప్పుడు ఆయన ఎవరి ముద్దుబిడ్డ?

కోటజంక్షన్
ఈ థ్రెడ్‌లో జిల్లాల గొడవ ఒకటి చాలు బాబూ.

శ్రీకాకుళం రోడ్
రెండో వార్డు మెంబరు గారికి నేను చెబుతాను. (నా పేరు చూసి శ్రీకాకుళం టౌను అనుకోకండి. ఆ పేరున్న రైల్వే స్టేషన్ ఆముదాలవలసలో ఉంది, మేమూ అక్కడే ఉన్నాం. టౌనుకి స్టేషన్ లేదు, మా స్టేషన్‌కి మా ఊరి పేరు లేదు.) మల్లీశ్వరి గారిది మా పక్కనున్న ఊసవానిపేట. నేర్పింది నీలంశెట్టి అప్పన్న మాస్టారు, ఆముదాలవలసలోనే. ఇది మా వైపు చిన్నపిల్లాడికైనా తెలుసు. మీ సావనీర్లో ఇంకోలా రాస్తే మా ఊరి నుంచి లారీ ఎక్కి వస్తాం.

సిడ్నీ పతకం కన్నా ముందే ఆవిడ రెండుసార్లు ప్రపంచ విజేత, 1994, 1995. ఆ సంగతి జనం మర్చిపోతారు. మా వీధి ఆడపిల్లలు బరువులెత్తడం మొదలెట్టింది సిడ్నీ చూసి కాదు, ఆ రోజుల్లోనే. నేనూ అందులో ఒకదాన్ని.

తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్లేవాళ్లం. ఆ టైముకి రోడ్డు మీద పాలవాళ్లు తప్ప ఎవరూ ఉండరని. ట్రాక్ ప్యాంటు మీద లంగా వేసుకుని వెళ్లి, లోపలికెళ్లాక లంగా విప్పి మేకుకి తగిలించేవాళ్లం. ఎనిమిది మేకులు, ఎనిమిది లంగాలు. మా అమ్మ "భుజాలు ఎడ్లలా పెరిగితే ఎవడు చేసుకుంటాడే" అని రోజూ తిట్టేది, తిడుతూనే చోడంబలి క్యానులో పోసి ఇచ్చేది. ఆడవాళ్ల బార్ 15 కేజీలు, మగవాళ్లది 20. లావులో కూడా తేడా ఉంది, వాళ్లది 28 మిల్లీమీటర్లు, మనది 25. ఆ సంగతి నాకు జిల్లా పోటీల్లో తెలిసింది. అప్పటిదాకా మగవాళ్ల బార్ మీదే చేశాం. పోటీలో సన్న బార్ చేతికి తగలగానే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించి మొదటి ఎత్తు వదిలేశాను.

బెజవాడబాబు
చోడంబలి అంటే రాగి అంబలేనా?

శ్రీకాకుళం రోడ్
అదే. మీరు రాగులంటారు, మేం చోళ్లంటాం. హైదరాబాద్‌లో మాల్ట్ అని డబ్బాలో పెట్టి అమ్ముతారు.

చంపావతి ఒడ్డు
సిడ్నీ రోజు మాత్రం మర్చిపోలేను. పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా కూర్చుంది. 69 కేజీల విభాగం. స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదకి, తర్వాత నెత్తి మీదకి ఎత్తేది) 130, మొత్తం 240. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. చివరిసారి 137.5 ఎత్తుంటే బంగారం మనదే. అది జారిపోతే మా తాత టీవీ వాణ్ణి తిట్టాడు.

సంగిడిరాయి
చంపావతి గారూ, ఈ ఒక్క విషయంలో మీతో గొడవ లేదు.

కొండవెలగాడ అల్లుడు
పక్కనే ఉన్న మా అత్తగారి ఊరిని ఎవరూ తలుచుకోరే. నెల్లిమర్ల మండలంలో వెయిట్‌లిఫ్టింగ్ అంటే ముందు చెప్పాల్సింది కొండవెలగాడ. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కేజీల్లో కాంస్యం తెచ్చింది. మొదటి స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికితే మనమ్మాయిది వెండి అయ్యింది. మా అత్తగారి ఊరికి అల్లుడు మొదటిసారి వెళ్తే ముందు భుజాలు చూస్తారు, తర్వాత జీతం అడుగుతారు. నేను రెండిట్లోనూ ఫెయిల్.

కోటజంక్షన్
హహ. పిల్లనెలా ఇచ్చారు మరి?

కొండవెలగాడ అల్లుడు
బస్తా ఎత్తమన్నారు. ఉలవల బస్తా. మా బావమరిది వెనకనుంచి ఓ చెయ్యి వేశాడు.

అప్పలరాజు మియాపూర్
మూడు రోజులుగా చదువుతున్నా, ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా.

నేను నెల్లిమర్లోడు గారి వ్యాయామశాలలోనే చేశాను. పేరు రాయకపోయినా ఎర్రరంగు పూసిన సిమెంటు ప్లేటు అనగానే తెలిసిపోయింది. నా టైముకి అసలు ఇనప బార్ వచ్చేసింది, ఆ సిమెంటు ప్లేట్లు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్లం. మా అమ్మానాన్న నాట్లకి, కోతలకి వలస పోయేవాళ్లు, నన్ను నాయనమ్మ దగ్గర వదిలేసి. నేను వెయిట్‌లిఫ్టింగ్ మీద ఇష్టంతో వెళ్లలేదండీ. అక్కడ ఉడకబెట్టిన గుడ్డు పెట్టేవాళ్లు. రోజుకొకటి. ఫీజు లేదు, దానికి బదులు వచ్చినోడు వచ్చినట్టు బావి నుంచి రెండు బిందెలు తోడి తొట్టి నింపాలి. గుడ్డు తిని మర్నాడు డుమ్మా కొడితే నోట్‌బుక్కులో పేరు పక్కన "గుడ్డు బాకీ" అని రాసేవాళ్లు. బాకీ ఉన్నోడు ఆ రోజు గుడ్డు లేకుండా ప్రాక్టీసు చేయాలి.

ఆరేళ్లు చేశాను. ఒకసారి స్టేట్ దాకా వెళ్లాను, ఆరో స్థానం. తర్వాత మణికట్టు పోయింది. నాతో పాటు చేసినోళ్లలో ఒకడికి ఆర్మీలో, ఒకడికి రైల్వేలో స్పోర్ట్స్ కోటా వచ్చింది. వాళ్ల ఫొటోలు గోడ మీద ఉన్నాయి. నాది లేదు. నేను ఇక్కడ క్యాబ్ తోలుతున్నాను.

కంప్లైంట్ కాదు. నెల్లిమర్లోడు గారూ, ఒకటే అడుగుతున్నా. సావనీర్లో మెడల్ కొట్టినోళ్ల లిస్టు ఎలాగూ వేస్తారు. ఆ వ్యాయామశాలకి ఎంతమంది వచ్చారో, తొట్టి ఎంతమంది నింపారో అది కూడా వెయ్యండి. ఆ నోట్‌బుక్కులు ఉండాలి. మేస్త్రి గారి అబ్బాయి ఒక్క కాగితం కూడా పారేసే రకం కాదు.

శ్రీకాకుళం రోడ్
అప్పలరాజు గారూ, మణికట్టు నాదీ అంతే. చలికాలం వస్తే ఇప్పటికీ లాగుతుంది.

రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు
గుడ్ల సంగతి నేను మర్చిపోయాను నాయనా. ఆ గుడ్లు ఇచ్చింది ఎవరో తెలుసా? నేను పైన చెప్పిన పెద్దవీధి కుర్రాడే. పెద్దయ్యాక కోళ్ల ఫారం పెట్టాడు. వాళ్ల నాన్నకి తెలియకుండా మొదలెట్టాడు, ఆయన పోయాక అందరికీ తెలిసేలా ఇచ్చాడు.

చంపావతి ఒడ్డు
ఆ కోళ్ల ఫారం ఆయన మా చిన్నాన్న.

ఈ సంగతి నాకు ఈ రోజు దాకా తెలియదు.

సంగిడిరాయి
ఇది నేను అనుకోలేదు. ఆయన ఉన్నారా?

చంపావతి ఒడ్డు
లేరండీ. ఆరేళ్లయింది.

నెల్లిమర్లోడు
అప్పలరాజు గారి మాట పట్టుకుని నిన్న మేస్త్రి గారి అబ్బాయి ఇంటికి వెళ్లాను. అటక మీద రేకు ట్రంకు పెట్టె. చెదలు పట్టకుండా వేపాకు వేసి ఉంచారు, ఆకు పొడైపోయింది. లోపల ఇరవై మూడు నోట్‌బుక్కులు. అన్నిటికన్నా పాతదాని అట్ట మీద చేత్తో రాసుంది: "వ్యాయామ పిల్లల హాజరు. విజయనగరం తాలూకా, విశాఖపట్నం జిల్లా."

కోటజంక్షన్
తాలూకా, విశాఖ జిల్లా! 1979 జూన్‌కి ముందుది. మాస్టారి మాటే నెగ్గింది. అరవయ్యీ కాదు, నలభయ్యీ కాదు. సంవత్సరం ఏమైనా ఉందా?

నెల్లిమర్లోడు
సంవత్సరం లేదు. నెలలే ఉన్నాయి, అవీ తెలుగు నెలలు. శ్రావణం నుంచి మొదలు. మొదటి పేజీలో పదకొండు పేర్లు. ఏడుగురికి సంతకం, నలుగురికి వేలిముద్ర. పక్కన గడిలో "ఫీజు" అని రాసి కొట్టేసి "నీళ్లు" అని రాశారు.

ప్రెసిడెంటు గారికి చూపించాను. చాలాసేపు తిప్పితిప్పి చూశారు. వాళ్ల నాన్న వేలిముద్ర అందులో ఉందట. తర్వాత, "బ్యానర్‌కి డబ్బులు కట్టేశాం కదా, 60 మీద స్టిక్కర్ అంటించేద్దాం" అన్నారు. స్టిక్కర్ మీద ఏ అంకె వేయాలో కమిటీ ఆదివారం కూర్చుంటుంది.

బెజవాడబాబు
"చాలా ఏళ్ల పండగ" అని వేసేయండి. ఏ జిల్లావాడూ తప్పు పట్టలేడు.

నెల్లిమర్లోడు
పేర్లన్నీ టైపు కొడుతున్నాను. నోట్‌బుక్కులన్నీ కలిపి ఎంతమందో ఇంకా లెక్క తేలలేదు, ఇప్పటికి తొమ్మిదోదాంట్లో ఉన్నాను. ప్రింటు ఖర్చు పెరుగుతుందంటున్నారు, చూద్దాం. గుడ్లు ఇచ్చినాయన పేరు కూడా అడిగారు, చంపావతి గారూ, మీకు అభ్యంతరం లేకపోతే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

చంపావతి ఒడ్డు
పెట్టాను. పిన్నిని అడిగే పెట్టాను.

అప్పలరాజు మియాపూర్
నా పేరు దొరికిందా?

నెల్లిమర్లోడు
వరస తప్పించి ముందు మీ నోట్‌బుక్కే తీశాను. 1998ది. పేరుంది. పక్కన "రెండు గుడ్లు బాకీ" అనుంది.

అప్పలరాజు మియాపూర్
రెండు కాదు, ఒకటే. రెండోది నాయనమ్మకి జ్వరం వచ్చిన రోజు, మేస్త్రి గారి అబ్బాయికి చెప్పే వెళ్లాను. ఆయన్నే అడగండి.